పదకొండో అధ్యాయం ఆలస్యానికి సంజాయిషీ

ఎడిటరు గారూ,
మీరు ఫోనులో అన్నది నిజమే.
నలభై రెండు నవలల్లో నా నాయిక
ఎప్పుడు తూలినా
ఒక చెయ్యి వచ్చి నడుం దగ్గర ఆపింది.
మెట్ల మీద, వానలో, ఒకసారి పడవలో కూడా.
ఆ చేతికి గడియారం ఉందా, కడియం ఉందా అన్నదొక్కటే
ప్రతిసారీ నేను కొత్తగా ఆలోచించిన సంగతి.

ఈసారి మీరే అడిగారు,
"కుర్రకారుకి నచ్చేలా చక్రాల బూట్ల అమ్మాయిలు,
రోలర్ డెర్బీ అట, ఆ తోపులాట, మధ్యలో ఒక ప్రేమ" అని.
సరేనని చూడ్డానికి వెళ్ళాను.

రామమూర్తినగర్‌లో మా వీధి చివర కల్యాణ మంటపం.
ఆషాఢం కదా, ముహూర్తాల్లేవు.
పైన వధూవరుల కుర్చీలు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాయి.
కింద సెల్లారులో, కార్లు ఆగే చోట,
సుద్దతో గీసిన కోడిగుడ్డు చుట్టూ
పద్నాలుగు మంది ఆడవాళ్ళు,
పద్నాలుగు పిండిమరల చప్పుడు.

హెల్మెట్ మీద నక్షత్రమున్నది సువర్చల.
మదనపల్లి పిల్ల, పగలు ల్యాబులో రక్తం తీస్తుంది.
రాత్రి అవతలి జట్టు నలుగురి మధ్య
సందు లేని చోట సందు చేసుకుని దూరుతుంది.
దాటిన ప్రతి తుంటికీ ఒక పాయింటు.
(తుంటి అన్న మాట నా పుస్తకాల్లో ఎన్నడూ రాలేదు.
మనం నడుం దగ్గరే ఆగిపోయాం.)

వీపుల మీద పేర్లు ఎవరివి వాళ్ళు పెట్టుకున్నవే.
ఒకామె కారప్పొడి, ఒకామె కరెంటు బిల్లు,
సువర్చల అప్పడాల కర్ర.
నన్నూ అడిగారు.
మృదుహాసిని అని నా కలం పేరు చెప్పాను.
"ఆంటీ, ఈ పేరుతో మొదటి మలుపు కూడా దాటలేరు" అంది కరెంటు బిల్లు.

మొదటి పాఠం పడటమేనట.
చిన్నగా పడాలి, మోకాలి మీద,
వేళ్ళు పిడికిట్లో దాచుకుని,
లేకపోతే వెనకొచ్చే చక్రం తొక్కేస్తుంది.
ఐదు లెక్కపెట్టేలోగా లేవాలి.

ఆ రాత్రి నిద్ర పట్టక నేనూ లెక్కపెట్టాను,
మన భాషలో ఆడది పడేవన్నీ.
మాట పడుతుంది, నింద పడుతుంది,
నలుగురి నోళ్ళలో పడుతుంది,
ఇన్నిటి మధ్యా తీరిక దొరికితే ప్రేమలో పడుతుంది.
లేచిందా, లేచిపోయిందంటారు.

ఇక మీరడిగిన నాయకుడు.

మూడో వారం సువర్చల నిజంగానే పడింది.
లింగరాజపురం మెర్సీ భుజం తగిలి,
స్తంభం దాకా జారిపోయి, కదల్లేదు.
ఈల మోగింది.
నేను పుస్తకం మూసి లేచేలోపు
అందరూ ఎక్కడివాళ్ళక్కడ
ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చున్నారు.
నూట ఎనభయ్యో పేజీలో ఉంగరం పట్టుకుని
నా నాయకులు కూర్చునే భంగిమ అది.
అక్కడ ఒక్కడు. ఇక్కడ పదమూడు మంది.
ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

మెర్సీ పరుగెత్తలేదు, ఎత్తుకోలేదు.
ఎత్తుకోకుండా ఉండటానికి ఎంత బలం పట్టిందో
ఆ భుజాల్లో చూశాను.
సువర్చల మోచేతి మీద లేచి,
నోట్లోంచి పళ్ళ కవచం తీసి,
"మంచి దెబ్బే, ఇంకోసారి కొట్టి చూడు" అంది.
మెర్సీ అప్పుడు ఏడ్చింది.

అంతే అండీ. ఇదే అధ్యాయం.
ముఖచిత్రం మీద చెయ్యి వేయించి ఉంటే తీయించండి.

శ్రావణం వచ్చింది. సెల్లారులో మళ్ళీ కార్లు.
సుద్ద గీత మీద బంతిపూల చెత్త.
పిల్లలు బాణసవాడిలో ఏదో గోడౌను చూస్తున్నారు,
అద్దె ఎక్కువట.

మొన్న కూరగాయల బండి దగ్గర
తడి అరటాకు మీద నా కాలు జారింది.
ఏ చెయ్యీ రాలేదు.
వేళ్ళు మాత్రం వాటంతటవే ముడుచుకున్నాయి.
నాలుగు దగ్గర లేచాను.
టమాటాలు ఏరుకున్నాను, రెండు చితికాయి.

అధ్యాయం శుక్రవారానికి పంపిస్తాను.
అడ్వాన్సు ఇంకా అందలేదు.